విదేశీ మిషన్ పనికి రాయలసీమ సంఘం ఎలా తోడ్పడాలి: డబ్బు, మనుషులు, పుస్తకాలు

జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు, కర్నూలు కోల్స్ స్కూల్లో చదువుకున్నవాళ్లు, ముత్యాలపాడు, నంద్యాల చర్చిల్లో బాప్తిస్మం పొందినవాళ్లు మన జిల్లాల్లో లెక్కలేనంత మంది. ఈ సంస్థలన్నీ ఎక్కడో ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న సంఘాలవాళ్లు వేసిన చందాలతో నిలబడ్డాయి. లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. అంటే అందుకోవడం మనకు రెండు వందల ఏళ్ల అలవాటు.

పంపడం కూడా తెలుగువాళ్లకు కొత్త కాదు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి. చెరకు, తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘాలు కట్టారు. అదే ఏడాది తిరునల్వేలి తమిళ క్రైస్తవులు, వి.ఎస్. అజరయ్య గారి చొరవతో, ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని తెలుగు ప్రాంతమైన దోర్నకల్‌కు పనివాళ్లను పంపారు. రెండేళ్లకు, 1905 క్రిస్మస్ రోజున, శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే, నిర్వహణా మనదే అన్నది వాళ్ల పట్టుదల. ఆ రోజుల్లో ఆ సంఘాల్లో డబ్బున్నవాళ్లు మనకంటే ఎక్కువేమీ కాదు.

కాబట్టి "మాది పేద సంఘం, మేమేం పంపగలం" అన్న మాటను నేను ఒప్పుకోను. చిన్న మొత్తమైనా నెల తప్పకుండా, లెక్క తప్పకుండా వెళ్తే అదే పనిని నిలబెడుతుంది. ఒక్కసారి ఘనంగా మీటింగు పెట్టి లక్ష రూపాయలు వసూలు చేసి, తర్వాత మూడేళ్లు మర్చిపోవడం వల్ల అవతల పనిచేసే మనిషికి మేలు కంటే కష్టమే ఎక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకుని కింది అడుగులు చదవండి.

మొదటి అడుగు: ఒక్క పనిని ఎంచుకోండి

ప్రపంచం మొత్తానికి ప్రార్థించవచ్చు గానీ, మొత్తానికి చందా పంపలేం. ముందు ఒక కాగితం మీద మీ సంఘం నుంచి ఇప్పటికే విదేశాల్లో ఉన్నవాళ్ల పేర్లు రాయండి. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఏ సంఘమైనా ఈ పని చేస్తే సగం కాగితం కువైట్‌తోనే నిండుతుంది. కర్నూలు, అనంతపురం సంఘాల్లో నర్సులు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, గల్ఫ్ డ్రైవర్లు వస్తారు. ఆ జాబితా చూశాక ఏ దేశం, ఏ ప్రజలు అన్నది చాలావరకు తేలిపోతుంది.

తర్వాత ఆ దేశంలో ఏం కావాలో అక్కడివాళ్లనే అడగండి. అక్కడి సంఘానికి పాస్టరు కావాలా, పిల్లల పాఠాలు కావాలా, జీతం ఆగిపోయిన ఆడమనిషికి టికెట్ డబ్బు కావాలా? ఇక్కడ కూర్చుని మనం ఊహించేదానికీ అక్కడి అవసరానికీ చాలాసార్లు పొంతన ఉండదు.

రెండో అడుగు: కమిటీ

ఐదుగురు చాలు. పాస్టరు గారు ఉండాలి, కానీ డబ్బు ఆయన చేతి మీదుగా పోకూడదు. ఇది ఆయన గౌరవం కాపాడటానికే. స్త్రీల మైత్రి నుంచి ఒక అక్క, బ్యాంకులోనో బడిలోనో పనిచేసి రిటైరైన ఒకరు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకరు, ఒక యూత్ అబ్బాయో అమ్మాయో. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లను తప్పకుండా పెట్టుకోండి. వీసాల సంగతి, అక్కడి ఇళ్లలో బతుకు సంగతి వాళ్లకు తెలిసినట్టు మిగతావాళ్లకు తెలియదు.

యెరూషలేము పేదలకోసం వసూలైన కానుకను మోసుకెళ్లేటప్పుడు పౌలు ఒక్కడే వెళ్లలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21). ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలనే నియమం మీ కమిటీ మొదటి మినిట్స్‌లోనే రాయండి.

మూడో అడుగు: డబ్బు కూడబెట్టడం

మన దగ్గర డబ్బు నెలనెలా రాదు. అనంతపురం పల్లెల్లో చెనిక్కాయ అమ్మినప్పుడు, కర్నూలు నల్లరేగడి ఊళ్లలో శనగ అమ్మినప్పుడు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. ఉద్యోగస్తులకు ఒకటో తారీఖు, కువైట్ ఇళ్లకు డ్రాఫ్టు వచ్చిన రోజు. అందుకే అందరికీ ఒకే చందా విధానం పెడితే సగంమంది మొదటి మూడు నెలల్లోనే తప్పుకుంటారు. ఏడాదికి ఎంత ఇస్తారో ఒక కార్డు మీద రాయించుకోండి, ఎప్పుడిస్తారో వాళ్లకే వదిలేయండి. కార్డు మీద రెండు గళ్లు చాలు: నెలనెలా, లేదా పంట మీద.

ఉదాహరణకు 60 కుటుంబాలు నెలకు 150 రూపాయల చొప్పున మాటిస్తే నెలకు 9,000, ఏడాదికి 1,08,000. పంట మీద ఇచ్చేవాళ్ల మొత్తం రాగానే దాన్ని పన్నెండు నెలలకు పంచి ఖాతాలో ఉంచాలి తప్ప ఆ నెలలోనే ఖర్చు పెట్టకూడదు. కనీసం మూడు నెలల మొత్తం నిల్వ చేరేదాకా ఎవరికీ మాట ఇవ్వకండి.

పిడికెడు బియ్యం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఆడవాళ్ల చేతిలో ఉన్న పని. మిజోరం సంఘాలు 1910లో దీన్ని మొదలుపెట్టి ఇప్పటికీ కొనసాగిస్తున్నాయి. వాళ్ల మిషన్ పనికి అది పెద్ద ఆధారం. చేసే పద్ధతి ఇదీ. పొయ్యి దగ్గర మూతున్న డబ్బా ఒకటి ప్రత్యేకంగా పెట్టుకోవాలి. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. కొలిచాక తీయడం ముఖ్యం, అప్పుడే అది మన పూటలోంచి ఇచ్చినట్టు. పిల్లల చేత వేయిస్తే ఇంకా మంచిది. వారం తిరిగేసరికి డబ్బా చర్చికి చేరాలి.

ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. సోనా మసూరి, లావు బియ్యం ఒకే సంచిలో పోస్తే షావుకారు మొత్తానికీ తక్కువ రేటు కడతాడు. రెండు సంచులు వేరుగా పెట్టండి. నెలలు నిల్వ చేస్తే పురుగు పడుతుంది, రెండు వారాలకొకసారి అమ్మేయండి, లేదా సంఘంలోనే కొనుక్కునేవాళ్లకు తూచి ఇవ్వండి. ఇంకొక ముఖ్యమైన సంగతి: రేషన్ బియ్యం అమ్మడం నేరం. రేషన్ బియ్యమే వండుకునే ఇళ్లకు బియ్యం డబ్బా బదులు చిల్లర వేసే డబ్బా ఇవ్వండి. రోజుకు రెండు రూపాయలు వేసినా అది వాళ్ల పిడికెడే. ఈ తేడా వల్ల ఎవరూ చిన్నబుచ్చుకోకుండా రెండు డబ్బాలూ ఒకేలా ఉండేవి కొనండి.

కోత పండుగ వేలం పాటలో వచ్చిన మొత్తంలో ఒక వంతు మిషన్‌కు అని ముందే ప్రకటిస్తే పాట పాడేవాళ్లు కూడా గట్టిగా పాడతారు. సండే స్కూల్ పిల్లలకు వేరే లక్ష్యం ఇవ్వండి: "ఈ ఏడాది మనం అక్కడి పిల్లలకు ఇన్ని పుస్తకాలు" అని.

నాలుగో అడుగు: చట్టం ప్రకారం పంపడం

చాలా సంఘాలు తడబడేది ఇక్కడే. భయపడాల్సిన పని లేదు గానీ, తెలుసుకోకుండా ముందుకు పోకూడదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి ఏడాదీ ఒకసారి చార్టర్డ్ అకౌంటెంటును అడగండి. డయాసిస్ (బిషప్ గారి పరిధి) కింద ఉన్న సంఘమైతే ముందు డయాసిస్ ఆఫీసుకు రాసి అనుమతి తీసుకోండి.

అన్నిటికంటే తేలికైన దారి రూపాయల్లోనే ఇవ్వడం. విదేశాలకు పనివాళ్లను పంపే భారతీయ మిషన్ సంస్థలున్నాయి. 1965లో మొదలైన ఇండియన్ ఇవాంజెలికల్ మిషన్ అలాంటిదే, బెంగళూరు కేంద్రంగా పనిచేస్తుంది. బైబిల్ అనువాదం, ముద్రణకు బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. 1977లో ఏర్పడిన ఇండియా మిషన్స్ అసోసియేషన్ చాలా మిషన్ సంస్థలకు ఉమ్మడి వేదిక. సంస్థకు చెక్కో ఆన్‌లైన్ బదిలీయో చేసి, ఏ పనికో రాసి, రసీదు తీసుకుంటే మీ వైపు పని అయిపోతుంది. మొదటిసారి మొదలుపెట్టే సంఘాలన్నీ ఈ దారిలోనే వెళ్లాలని నా అభిప్రాయం.

నేరుగా విదేశానికి పంపాలనుకునే వ్యక్తికి రిజర్వ్ బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ ఉంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు, కానుకలూ విరాళాలూ అందులోకే వస్తాయి. పాన్ కార్డు ఉండాలి, బ్యాంకులో ఏ2 ఫారం నింపాలి, ఎందుకు పంపుతున్నారో ఉన్నదున్నట్టు రాయాలి. బంధువుకు ఇంటి ఖర్చులకని రాసి సంఘానికి పంపడం తప్పు. 2025 ఏప్రిల్ నుంచి, ఇలాంటి విరాళాలు ఏడాదికి 10 లక్షలు దాటితేనే బ్యాంకు టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది, కాబట్టి మన స్థాయి మొత్తాలకు ఆ టెన్షన్ లేదు.

ఈ స్కీమ్ వ్యక్తులకే. ట్రస్టులకూ సొసైటీలకూ వర్తించదు. దానికితోడు, ట్రస్టుగా రిజిస్టరై పన్ను మినహాయింపు పొందే సంస్థ తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెడితే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేకుండా ఆ ఖర్చుకు మినహాయింపు దొరకదు. అలాగని సంఘం చందా అంతా ఎవరో ఒకరి సొంత ఖాతాలో వేసి, ఆయన పేరుతో పంపించడం అసలు చేయకూడదు. రేపు నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఒక్క మనిషే. హవాలా సంగతి చెప్పనే అక్కర్లేదు. గల్ఫ్‌లో ఎవరో రియాలో దినారో అక్కడ ఇచ్చేస్తారు, ఇక్కడ వాళ్లింటికి మనం రూపాయలిద్దాం అన్న సర్దుబాటు కూడా ఆ కోవలోకే వస్తుంది. ఎంత మంచివాళ్ల మధ్య జరిగినా వద్దు.

అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే డబ్బు సంగతి కడప జిల్లా సంఘాలు ముఖ్యంగా తెలుసుకోవాలి. భారత పౌరసత్వం ఉన్న మనిషి విదేశంలో సంపాదించిన తన సొంత డబ్బును మామూలు బ్యాంకు దారిలో చర్చికి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కాబట్టి కువైట్‌లో పనిచేసే మన అక్కలు పంపే కానుక తీసుకోవచ్చు, వాళ్ల పాస్‌పోర్ట్ కాపీ ఒకటి ఫైల్లో ఉంచుకోవాలి. అదే మన ఊరి అబ్బాయే అయినా అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అతను పంపేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. 2020 సవరణ తర్వాత అలాంటి డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ అందుకున్నదాన్ని ఇంకొక సంస్థకు బదిలీ చేయకూడదు.

విరాళాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) గురించి సభ్యులు అడుగుతారు. కేవలం మతపరమైన సంస్థలకు అది ఉండదు. ఉన్న సంస్థలకైనా 2,000 రూపాయలు దాటిన నగదుకు వర్తించదు. ఆ విషయం ముందే చెప్పేయండి.

ఐదో అడుగు: మనుషుల్ని పంపడం

పనివాళ్లు రెండు రకాలు. మిషన్ సంస్థ ద్వారా పూర్తికాలం వెళ్లేవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ సాక్ష్యంగా బతికేవాళ్లు. పౌలు కూడా కొరింథులో డేరాలు కుట్టి బతికాడు, కాబట్టి రెండో రకాన్ని తక్కువ చేయొద్దు.

పూర్తికాలం వెళ్తానన్న యువకుడిని వెంటనే ఒప్పుకోకండి. రెండేళ్లు సొంత ఊళ్లో, సొంత ఖర్చుతో ఏం చేస్తున్నాడో చూడండి: ఆదివారం పిల్లలకు పాఠం చెప్తున్నాడా, తనకంటే చిన్నవాళ్ల మాట వింటాడా, అప్పులున్నాయా, అమ్మానాన్నలు ఒప్పుకున్నారా. వేదిక మీద బాగా మాట్లాడటం ఇందులో చివరి అర్హత. పరభాష నేర్చుకునే ఓపిక ఉందో లేదో తెలియాలంటే ముందు కన్నడ ఊళ్లకో ఒడిశాకో ఆరు నెలలు పంపి చూడండి. తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ లేనిచోట మనిషి అసలు స్వభావం బయటపడుతుంది.

ఆయన బడ్జెట్ వేసేటప్పుడు భోజనం, అద్దె మాత్రమే రాసి సంతోషపడకండి. భాష నేర్చుకునే ఫీజు, ఆరోగ్య బీమా, పిల్లల చదువు, రెండేళ్లకొకసారి రానుపోను టికెట్లు, ఇంటి దగ్గరున్న తల్లిదండ్రుల మందుల ఖర్చు కూడా రాయాలి. వీటిలో చివరిదే ఎక్కువమందిని మధ్యలో వెనక్కి రప్పిస్తుంది. ఆ ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే పని సంఘంలో ఒక కుటుంబం పేరు మీద రాయండి. కొన్ని ఆఫ్రికా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి.

వీసా విషయంలో నిజాయితీ తప్పకూడదు. టూరిస్టు వీసా మీద వెళ్లి బోధ చేయడం చాలా దేశాల్లో నేరం. దాని దెబ్బ వెళ్లిన మనిషితో ఆగదు, అక్కడ ఎప్పటినుంచో ప్రశాంతంగా ఆరాధించుకుంటున్న సంఘం మీద పడుతుంది.

ఇక కువైట్ వెళ్లే మన ఆడబిడ్డల సంగతి. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద ఒక ఇంట్లో పనికి కుదిరిన ఆమెను "మా మిషనరీ" అని ప్రకటించి, ఆమె మీద బరువు మోపొద్దు. ఆమె యజమాని ఇంట్లో ఉంటుంది, అక్కడి చట్టం కింద ఉంటుంది. ఆమెకు సంఘం చేయాల్సిన పని వేరే ఉంది. వెళ్లేముందు ఏజెంటు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్నవాడేనా అని ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసిపెట్టండి. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) కిందికి వస్తుంది, వాళ్లకు గల్ఫ్ దేశాల ఉద్యోగానికి ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ చేయించండి. కాంట్రాక్టు కాపీ, పాస్‌పోర్ట్ కాపీ పాస్టరు గారి దగ్గర ఒక సెట్ ఉండాలి. అక్కడి 2015 చట్టం ఇంటి పనివాళ్లకు వారానికొక సెలవు ఇచ్చింది, ఆ సంగతి ఆమెకు తెలియాలి. కువైట్ నగరంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారాలు వేర్వేరు భాషల సంఘాలు ఆరాధిస్తాయి. వెళ్లగలిగితే ఆమెకు అక్కడ తోడు దొరుకుతుంది.

పనివాళ్ల ఫొటోలు, ఊరి పేర్లు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని సంఘంలో గట్టిగా చెప్పండి. ప్రార్థన మనవులు నోటితో చెప్పుకోవచ్చు.

ఆరో అడుగు: పుస్తకాలు, అనువాదాలు

తెలుగులో సువార్తలు అచ్చులో కనిపించింది 1812లో, శ్రీరాంపూర్‌లో. విశాఖపట్నంలో డెగ్రాంజెస్ గారు ఆనందరాయరు అనే తెలుగు పండితుడి సాయంతో చేసిన అనువాదం అది. అంతకు చాలాముందే బెంజమిన్ షుల్జ్ గారు తెలుగులోకి చేసిన బైబిల్ అచ్చుకే నోచుకోలేదు. అనువాదం ఒక్కటే చాలదని, అచ్చు, పంపిణీ, చదివేవాళ్లు అన్నీ కుదరాలని ఆ చరిత్ర చూస్తే తెలుస్తుంది.

మొదట ఎవరు చదువుతారో తేల్చుకోండి. దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషే చదువుతారు, వాళ్లకు తెలుగు పుస్తకాల పెట్టె పంపితే బీరువాలో ఉండిపోతుంది. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్లలో చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్లుంటారు. వాళ్లకు ఫోన్లో వినే ఆడియో వచనాలు, ఐదు నిమిషాల పాఠాలు పుస్తకం కంటే మేలు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉన్న పాటల పుస్తకం పనికొస్తుంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అమ్మమ్మతో కలిసి పాడాలంటే వాళ్లకు అర్థం కూడా తెలియాలి కదా.

తర్వాత అనుమతి. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. అనువాద హక్కు అందులో భాగమే. ప్రచురణకర్తకు రాసి, కాగితం మీద అనుమతి వచ్చాకే మొదటి పేజీ మొదలుపెట్టండి. వచనాలు ఏ బైబిల్ అనువాదం నుంచి తీసుకుంటారో దాని హక్కుదారుల్నీ అడగాలి. "దేవుని పనికే కదా" అన్నది అనుమతి కింద చెల్లదు.

అనువాదకుడు ఒకరు, మూలంతో పోల్చి చూసేవాళ్లు ఒకరు, మూలం చూడకుండా తెలుగు మాత్రమే చదివేవాళ్లు ఒకరు. ఈ మూడో మనిషే అసలైన పరీక్ష. ఒక అధ్యాయం అయ్యాక స్త్రీల మైత్రి కూడికలో గట్టిగా చదివి వినిపించండి. చదివేవాళ్లు ఎక్కడ తడుముకున్నారో, వినేవాళ్లు ఎక్కడ పక్కవాళ్ల వైపు చూశారో పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీతలున్న వాక్యాలన్నీ తిరగరాయాలి. అనువాదకుడికి డబ్బు ఇవ్వండి. సేవ పేరుతో ఉచితంగా చేయించుకున్న పని ఏళ్ల తరబడి సాగుతుంది.

టైపింగ్ యూనికోడ్‌లో చేయించండి. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి, పుస్తకం అచ్చువరకు బాగానే ఉంటుంది గానీ ఆ ఫైలు ఫోన్లో చదవడానికి పనికిరాదు. పేజీలు 16తో భాగించబడేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. మొదటిసారే వేల కాపీలు వేయకండి, వంద కాపీలు డిజిటల్‌లో వేసి తప్పులు ఏరాక ఆఫ్‌సెట్‌కు వెళ్లండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితంగానే ఇస్తారు.

విదేశాలకు పంపేముందు ఆ దేశం కస్టమ్స్ మతపుస్తకాలను ఎంతవరకు అనుమతిస్తుందో కనుక్కోవాలి. ఉద్యోగానికి వెళ్లే పిల్ల సూట్‌కేసులో యాభై పుస్తకాలు కుక్కి పంపడం దయచేసి చేయకండి. ఎయిర్‌పోర్టులో నిలబడి జవాబు చెప్పాల్సింది ఆమె.

ఏడో అడుగు: లెక్క, ముగింపు

మూడు నెలలకొకసారి ఒకే పేజీలో జమ, ఖర్చు, నిల్వ రాసి చర్చి నోటీసు బోర్డుకు అంటించండి. పనివాడి నుంచి వచ్చిన ఉత్తరం ఆదివారం ఆరాధనలో చదవండి. ఊళ్ల పేర్లు తీసేసి చదవండి. ఉత్తరంలో "ఈ నెల ఏమీ జరగలేదు" అని ఉంటే అది కూడా అలాగే చదవండి. ఫలితాల కోసం ఒత్తిడి పెడితే అంకెలు పెంచి రాసే అలవాటు మనమే నేర్పినవాళ్లమవుతాం.

ఎప్పుడో ఒకసారి సాయం ఆపాల్సి రావచ్చు: వరుసగా రెండేళ్లు వాన ముఖం చాటేయొచ్చు, సంఘం రెండుగా చీలిపోవచ్చు, పనివాడే తిరిగి రావచ్చు. ఆపేముందు కనీసం ఆరు నెలల గడువిచ్చి ఉత్తరం రాయండి, ఆ ఆరు నెలల మొత్తం నిల్వలోంచి పూర్తిగా చెల్లించండి. తిరిగొచ్చిన కుటుంబానికి మూడు నెలల అద్దె, పిల్లల స్కూలు సీటు చూసిపెట్టే బాధ్యత కూడా మొదటి రోజు మినిట్స్‌లోనే కమిటీ పేరు మీద రాసుకోండి.